రివ్యూలో 140, మా ఇంట్లో 60

పోయిన సంచికలో ‘గ్రాఫిక్స్ కార్డు కొనేముందు రివ్యూలు చూడండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను (కంప్యూటర్ ఆటల్లో తెర మీద బొమ్మ గీసే భాగమే ఈ కార్డు). చూశారు. చూసి, కొని, ‘వాళ్లకి వచ్చింది మాకెందుకు రావట్లేదు’ అని మళ్లీ నాకే రాశారు. సగం చెప్పి వదిలేసిన తప్పు నాదే కాబట్టి మిగతా సగం ఇప్పుడు. పేర్లు తీసేశాను, పొడుగు ఉత్తరాలు కుదించాను. ఒకాయన ఆరు పేజీలు రాశారు, అందులో నాలుగు నన్ను తిట్టడానికే, అవి కూడా తీసేశాను.

ప్రశ్న: సార్, ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 4060 కార్డు కొన్నాను. రివ్యూ వీడియోలో ఇదే ఆటకి, ఇవే సెట్టింగులకి 140 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఇన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు) చూపించారు. నాకు 60 వస్తోంది. 61 కూడా రాదు. ప్రాసెసర్ పాతది, నాలుగు కోర్లు. కార్డులో లోపమా? వాపసు ఇచ్చేయనా?

జవాబు: ‘61 కూడా రాదు’ అన్నారు చూశారా, దొంగ అక్కడే దొరికాడు. కార్డుకి శక్తి చాలకపోతే అంకె ఊగుతుంది. గోడ వైపు తిరిగితే 80, జనం ఉన్న వీధిలోకి వస్తే 45, ఇలా. మేకు కొట్టినట్టు 60 దగ్గరే నిలబడిందంటే ఎవరో ఆపుతున్నారని అర్థం. చాలాసార్లు ఆ ఎవరో వీ-సింక్. మానిటర్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో అన్ని ఫ్రేములు చాలు, ఎక్కువ వద్దని కార్డుని ఆపే సెట్టింగు అది. ఆటలో ఒకచోట ఉంటుంది, డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) ప్యానెల్లో ఇంకోచోట ఉంటుంది, రెండూ చూడండి. మానిటర్ 144 హెర్ట్జ్‌దే అయినా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే ఉండిపోవడం కూడా చాలా మామూలు విషయం, అక్కడా ఒక చూపు వేయండి.

అది తీసేశాక 140 వస్తుందా? రాకపోవచ్చు, ముందే చెప్తున్నా. రివ్యూ చేసేవాళ్లు కార్డుని పరీక్షించేటప్పుడు ఆటలకి అతి వేగమైన ప్రాసెసర్ పెడతారు, 2025లో ఎక్కడ చూసినా రైజెన్ 7 9800ఎక్స్3డీనే. అది మోసం కాదు, అలాగే చేయాలి, లేకపోతే ప్రాసెసర్ అడ్డుపడి కార్డుల మధ్య తేడా కనబడదు. కానీ ఆ 140 అనేది వాళ్ల కంప్యూటర్ మొత్తం కలిసి సాధించిన అంకె, ఒక్క కార్డుది కాదు. ఆటలో ప్రతి ఫ్రేముకీ ముందు సీపీయూ పని చేయాలి (సీపీయూ అంటే బల్ల కింద ఉండే డబ్బా కాదండీ, లోపలి ప్రాసెసర్). ఎవరు ఎక్కడున్నారు, బుల్లెట్ ఎటు పోయింది, ఏమేం గీయాలి అని లెక్క తేల్చి కార్డుకి చెబితే అప్పుడు కార్డు గీస్తుంది. మీ ప్రాసెసర్ సెకనుకి 75 సార్లే లెక్క తేల్చగలిగితే, మీరు ఇంకా పెద్ద కార్డు పెట్టినా అది కూడా 75 గీసి చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

పరీక్ష చాలా సులువు. ఆట ఆడుతూనే రిజల్యూషన్ (బొమ్మలో ఎన్ని చుక్కలన్న లెక్క) 1080పీ నుంచి 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ గబుక్కున పెరిగితే ఇరుకు కార్డు దగ్గరే. ఏమీ మారకపోతే ప్రాసెసర్ దగ్గర. ఆఫ్టర్‌బర్నర్ లాంటి టూల్‌తో తెర మూలన కార్డు వాడకం శాతం చూసినా తెలుస్తుంది: 95 దాటి ఉంటే కార్డు ఒళ్లు వంచి పని చేస్తోంది, 55 దగ్గర ఊగుతుంటే ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. కాబట్టి వాపసు ఇవ్వకండి, కార్డు తప్పేం లేదు.

ఇంకొక్కటి చూడమంటాను, నవ్వకండి. మా మేనల్లుడు ఇలాగే ‘మామయ్యా, కొత్త కార్డుకీ పాతదానికీ తేడానే లేదు’ అని ఫోన్ చేస్తే వెళ్లాను. రెండు గంటలు డ్రైవర్లు తీశాం, పెట్టాం, బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగులు) కెలికాం. చివరికి డబ్బా ఇటు తిప్పి చూస్తే మానిటర్ కేబుల్ పైన కీబోర్డు, మౌస్ గుచ్చే చోట ఉన్న హెచ్‌డీఎంఐలో ఉంది. అది మదర్‌బోర్డుది. కార్డు హెచ్‌డీఎంఐ కింద, అడ్డంగా ఉండే వరసలో ఉంటుంది, దాని ప్లాస్టిక్ మూత కూడా తీయలేదు వాడు. పది రోజులుగా ఆటంతా ప్రాసెసర్లో ఉండే చిన్న గ్రాఫిక్సే ఆడించింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే, అందులో రెండు గంటలు నేనూ వెతికాను.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 4060 టీఐలో 8 జీబీ మెమరీది, 16 జీబీది రెండున్నాయి. గ్రాఫుల్లో రెండూ పక్కపక్కనే ఉంటున్నాయి. మరి ఎక్కువ పెట్టి 16 ఎందుకు కొనాలి? అమ్మేవాళ్ల జిమ్మిక్కు కదా?

జవాబు: సగం నిజం. 2023 మే నెలలో 8 జీబీది, జులైలో 16 జీబీది వచ్చాయి. చిప్ అదే, మెమరీ దారి 128 బిట్లే, సెకనుకి 288 జీబీ వేగం కూడా అదే. అందుకే మెమరీ నిండనంతసేపు రెండూ కవలలే, గ్రాఫులో మీరు చూసింది అదే. తేడా అంతా నిండాకే.

నిండితే ఏమవుతుంది? ఆట ఆగిపోదు. పట్టని సరుకుని మీ కంప్యూటర్ మామూలు ర్యామ్‌లో పెట్టి, కావాల్సినప్పుడల్లా మదర్‌బోర్డు స్లాట్ గుండా తెచ్చుకుంటుంది. ఆ స్లాట్‌లో ఈ కార్డు వాడేది 8 లేన్లే, అంటే సమాచారం నడిచే బాటలు. పీసీఐఈ (ఆ స్లాట్ రకం పేరు) 4.0 బోర్డులో ఆ దారి సెకనుకి సుమారు 16 జీబీ, పాత 3.0 బోర్డులో 8. పక్కన 288 పెట్టి చూడండి. ఇంట్లో కుళాయి తిప్పి నీళ్లు పట్టుకోవడానికీ, వీధి చివరి బావి నుంచి చెంబుతో తెచ్చుకోవడానికీ ఉన్నంత తేడా. ఆటలో అది ఎలా కనబడుతుందంటే, నడుస్తున్నంతసేపు బాగానే ఉంటుంది, గబుక్కున వెనక్కి తిరిగితే అర సెకను పట్టేసినట్టు ఆగుతుంది. కొన్ని ఆటలు తెలివిగా అసలు ఆగవు, చప్పుడు చేయకుండా మంచి టెక్స్‌చర్ (గోడలు, వస్తువుల మీద అతికించే బొమ్మ) బదులు మసకది పెడతాయి. దగ్గరికెళ్లి చూస్తే గోడ మీది బోర్డు అక్షరాలు మైనం పూసినట్టు ఉంటాయి. ఎఫ్‌పీఎస్ మాత్రం తగ్గదు! గ్రాఫుకి ఎఫ్‌పీఎసే తెలుసు, మైనం తెలియదు. పైగా రివ్యూల్లో ఒక్కో పరీక్ష చాలావరకు నిమిషం అటూ ఇటూ ఉంటుంది, మెమరీ మెల్లగా నిండి గంట తర్వాత మొదలయ్యే బాధ అందులో పడదు.

నా మాట ఏంటంటే, 1080పీలో ఎప్పుడూ ఒకే మ్యాపులో కాల్చుకునే పోటీ ఆటలు ఆడేవాళ్లకి 8 చాలు, ఆ డబ్బు ప్రాసెసర్ మీద పెట్టుకోండి. 1440పీ మానిటర్ ఉండి, పెద్ద కథ ఉన్న కొత్త ఆటలు ఆడతారా, 16 తీసుకోండి. టెక్స్‌చర్ నాణ్యత అనే సెట్టింగు చిత్రమైనది, మెమరీలో చోటుంటే దాన్ని పూర్తిగా పెంచినా ఎఫ్‌పీఎస్ పెద్దగా తగ్గదు, బొమ్మ మాత్రం బాగా మారుతుంది. ఇంత చవగ్గా దొరికే అందం ఆటలో ఇంకొకటి లేదు. ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడుపుకునేవాళ్లయితే అసలు ఆలోచించక్కర్లేదు, మోడల్ మెమరీలో పట్టడమే మొదటి సమస్య అక్కడ.

ప్రశ్న: ఒక రివ్యూలో రెండు కార్డులకీ సగటు 90 ఎఫ్‌పీఎస్ అన్నారు, మళ్లీ ‘రెండోది చాలా నయం’ అన్నారు. ఇదేం లెక్క?

జవాబు: సగటు మంచి అబద్ధాలకోరు. ఒక సెకనులో 60 ఫ్రేములు వచ్చాయనుకోండి. ఒక్కోటి 16.7 మిల్లీసెకన్ల చొప్పున వరసగా వస్తే వెన్నలా ఉంటుంది. అలా కాకుండా 59 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో వచ్చేసి, చివరిది ఒక్కటే 410 మిల్లీసెకన్లు తీసుకుంటే? మొత్తం వెయ్యే, లెక్కకి అదీ 60 ఎఫ్‌పీఎసే. కానీ ఆ 410లో మీ బొమ్మ బిగుసుకుపోయి నిలబడింది, అవతలివాడు మిమ్మల్ని కాల్చేసి వెళ్లిపోయాడు.

చాలా ఏళ్లు రివ్యూలన్నీ సగటుతోనే నడిచాయి. 2011లో టెక్ రిపోర్ట్ అనే రివ్యూ సైటులో స్కాట్ వాసన్ ఫ్రేము ఫ్రేముకీ ఎంత సమయం పట్టిందో విడిగా చూడాలని గట్టిగా రాశాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. ఇప్పుడు గ్రాఫులో సగటు పక్కన కనబడే ‘వన్ పర్సెంట్ లో’ ఆ వరసలో వచ్చిందే (ఈ ‘లో’ ఇంగ్లిష్‌ది, మన ‘ఇంట్లో’లో ‘లో’ కాదు, ఇద్దరు పాఠకులు ‘1 శాతంలో ఏముంది సార్’ అని అడిగారు). నూటికి ఒకటి చొప్పున వచ్చే అతి నెమ్మది ఫ్రేముల దగ్గర వేగం ఎంత ఉందో అది చెబుతుంది. సగటు 90, కింది అంకె 70 అయితే హాయి. సగటు 90, కింది అంకె 35 అయితే ఆ కార్డు మీకు తలనొప్పి తెస్తుంది. ఒక జాగ్రత్త, ఈ అంకెని అందరూ ఒకేలా లెక్కకట్టరు. కొందరు నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల సగటు తీస్తారు, కొందరు ఆ హద్దు దగ్గరున్న ఒక్క ఫ్రేమునే తీసుకుంటారు. అందుకే ఒక కార్డు అంకె ఈ రివ్యూ నుంచి, ఇంకో కార్డు అంకె ఆ రివ్యూ నుంచి తెచ్చి పక్కన పెట్టి పోల్చకండి. నేనూ ఒకప్పుడు పోల్చాను, అందుకే చెప్తున్నా.

ప్రశ్న: ఫ్రేమ్ జనరేషన్ అంకెల్ని పక్కన పెట్టేయమని ఇంతకుముందొకసారి రాశారు. నేను రోజూ వాడుతున్నాను, అద్భుతంగా ఉంది. మీకు కొత్తది నచ్చదేమో!

జవాబు: వాడొద్దని నేను అనలేదు అన్నా, పోల్చేటప్పుడు పక్కన పెట్టమన్నాను. నేనూ వాడతాను. ఎన్‌విడియా వాళ్ల డీఎల్ఎస్ఎస్ 3 అనే సాఫ్ట్‌వేర్‌తో 2022లో వచ్చింది ఇది. రెండు అసలు ఫ్రేముల మధ్య కార్డు ఊహించి ఒకటి గీసి పెడుతుంది. ఆ మధ్యది గీయాలంటే తర్వాతి అసలు ఫ్రేము ముందే చేతిలో ఉండాలి, కాబట్టి దాన్ని కాసేపు ఆపి ఉంచుతుంది. దాంతో కంటికి నునుపు పెరుగుతుంది గానీ మౌస్ కదిపినప్పుడు తెర స్పందించే వేగం పెరగదు, కొంచెం తగ్గుతుంది కూడా. అసలు 70 ఉండి అది 120 అయితే మీరన్నట్టు అద్భుతమే. అసలు 28 ఉండి 55 చూపిస్తుంటే చూడ్డానికి 55, చేతికి 28. జిగురులో మౌస్ కదిపినట్టుంటుంది.

ఈ అంకెలతో కార్డుల్ని పోల్చితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2025 జనవరిలో ఆర్‌టీఎక్స్ 5070ని పరిచయం చేస్తూ 4090 అంత పనితనం అని ఎన్‌విడియా వాళ్లు వేదిక మీద చెప్పారు. ఒక్కో అసలు ఫ్రేముకి మూడు ఊహా ఫ్రేముల వరకు గీసే కొత్త ఏర్పాటు కలుపుకుంటేనే ఆ మాట. అది తీసేసి చూస్తే రెండూ ఒక మెట్టు మీద నిలబడవు, 4090కి మెమరీ 24 జీబీ, దీనికి 12. కంపెనీ వాళ్ల గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో ఏం రాశారో ముందు చదివి, ఆ తర్వాతే పైన గీతలు చూడటం నాకు అలవాటైపోయింది.

ప్రశ్న: పేరు ఒకటే అయితే కార్డు ఒకటే కదా? మళ్లీ ప్రతిదానికీ రివ్యూ చూడాలా?

జవాబు: చూడాలి. జీటీ 1030 అని ఒక చిన్న కార్డు 2017లో వచ్చింది, జీడీడీఆర్5 మెమరీ, సెకనుకి 48 జీబీ. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4ది దించారు, వేగం 17 కన్నా తక్కువ, మూడో వంతు అన్నమాట. డబ్బా మీద పేరు అదే. జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ అంటే మెమరీ తేడా ఒక్కటే అనుకున్నారు జనం, 3 జీబీదానికి కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) కూడా 1280 కాదు, 1152. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీతో వచ్చి మంచి పేరు తెచ్చుకున్నాక 8 జీబీది వచ్చింది, మెమరీ దారి 192 బిట్ల నుంచి 128కి కోసేశారు. పాత రివ్యూ చదివి కొత్త డబ్బా కొన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2022లో ఒకసారి మాత్రం గొడవ ఫలించింది, 4080 పేరుతోనే 12 జీబీది, 16 జీబీది అని చిప్‌లే వేరైన రెండు కార్డులు ప్రకటిస్తే అందరూ విరుచుకుపడ్డారు, 12 జీబీదాన్ని అక్టోబరులో వెనక్కి తీసుకుని మరుసటి జనవరిలో 4070 టీఐ అని పేరు మార్చి వదిలారు.

ఇక ఒకే చిప్‌ని వేరువేరు కంపెనీలు రెండు ఫ్యాన్లు, మూడు ఫ్యాన్లు, రంగు లైట్లు పెట్టి అమ్మేవాటి మధ్య ఎఫ్‌పీఎస్ తేడా సాధారణంగా రెండు మూడు శాతమే. అక్కడ చూడాల్సింది చప్పుడు, వేడి, వారంటీ. లైట్లకి ఎక్కువ డబ్బు పెట్టకండి, బల్ల కింద పెట్టాక వాటిని పిల్లి తప్ప ఎవరూ చూడరు.

ప్రశ్న: కంపెనీలే కార్డులు పంపి చేయించుకునే రివ్యూలని ఎలా నమ్మాలి?

జవాబు: కార్డు ఊరికే వచ్చిందా అన్నది కాదు, ఏ ప్రాసెసర్‌తో, ఏ డ్రైవర్‌తో, ఆటలో ఏ చోట పరీక్షించారో రాశారా అన్నది చూడండి. రాయకపోతే మూసేయండి. పెద్ద మోసాలు రాసేవాళ్ల దగ్గర కన్నా డ్రైవర్లలోనే ఎక్కువ బయటపడ్డాయి. 2001లో ఏటీఐ కంపెనీ కార్డు రేడియాన్ 8500 డ్రైవర్ క్వేక్ 3 ఆటని పేరుతో గుర్తుపట్టి బొమ్మ నాణ్యత దించి వేగం పెంచుకుంటోందని అనుమానం వచ్చి, ఫైల్ పేరులో ‘క్వేక్’ అని ఉన్నచోట ‘క్వాక్’ అని మార్చి నడిపారు. వేగం పడిపోయింది, బొమ్మ బాగుపడింది! రెండేళ్లకి ఎన్‌విడియా డ్రైవర్లు 3డీమార్క్03 పరీక్షలో అడ్డదారులు తొక్కుతున్నాయని ఆ పరీక్ష తయారు చేసినవాళ్లే బయటపెట్టారు. ఇద్దరిలో ఎవరి జెండా పట్టుకున్నా మీకు ఒరిగేదేం లేదు.

ప్రశ్న: నా బోర్డు పాతది, పీసీఐఈ 3.0. కొత్త కార్డు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, కూర్చుంటుంది, పని చేస్తుంది. కానీ కార్డుకి లేన్లు ఎన్నో చూసుకోండి. 16 ఉంటే తేడా తెలియదు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే, మెమరీ కూడా 4 జీబీయే, కాబట్టి పాత బోర్డులో దాని వేగం బాగా పడిపోతుంది. అంటే పాత కంప్యూటర్ల వాళ్లు కొనుక్కునే తరగతి కార్డు పాత కంప్యూటర్‌లోనే సరిగా నడవదు. ఇంటెల్ ఆర్క్ బీ580 మీద కూడా కన్నుంటే, 12 జీబీ ఉన్న మంచి కార్డే గానీ దానికి బయోస్‌లో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్‌కి ఒకేసారి అందనిచ్చే సెట్టింగు) ఉండి తీరాలి, పైగా పాత ప్రాసెసర్లతో పెడితే రివ్యూలో చూపిన వేగం రాదు. మీ బోర్డు వయసుకి నేనైతే దాని జోలికి పోను.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో మైనింగ్ చేసిన కార్డులుంటాయంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మార్చుకున్నాక కార్డులతో దాని మైనింగ్ (లెక్కలు చేయించి ఆ కరెన్సీ సంపాదించడం) ఆగిపోయింది, గుట్టలకొద్దీ కార్డులు అమ్మకానికొచ్చాయి. మైనింగ్ చేసినంత మాత్రాన చిప్ చచ్చిపోదు, అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ ప్యాడ్లు (వేడిని లాగే మెత్తలు). నేను భయపడేది వేరే, పేరు మార్చిన కార్డులకి. కార్డులోని బయోస్ మార్చేసి పాత కార్డుని కొత్త పేరుతో చూపిస్తారు. జీపీయూ-జెడ్ అనే టూల్ తెరిచి కోర్ల సంఖ్య అసలుతో సరిపోతుందో చూడండి, ఆర్‌ఎక్స్ 580 అయితే 2304 ఉండాలి, 2048 కనబడితే అది వేరే రకం. ఆ తర్వాత అమ్మేవాళ్ల ముందే ఒక అరగంట గట్టిగా నడిపించండి. తెర మీద రంగు చుక్కలు పడినా, ఫ్యాను గరగరమన్నా, నల్ల తెర వచ్చి తిరిగొచ్చినా మారు మాట్లాడకుండా లేచి వచ్చేయండి. ‘అరగంట టైం లేదండీ’ అంటే మరీ త్వరగా లేవండి.

ప్రశ్న: కొనేముందు ఇంకేమైనా కొలవాలా? మా అబ్బాయి టేపు పట్టుకుని తిరుగుతున్నాడు.

జవాబు: తెలివైన అబ్బాయి. ముందు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) చూడమనండి. స్లాట్ నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల కేబుల్‌కి 75, ఎనిమిది పిన్నులదానికి 150. 4060 వాడేది 115 వాట్లే, 5090కి 575, కాబట్టి ‘నా ఎస్‌ఎంపీఎస్ చాలుతుందా’ అన్నదానికి ఒక్క జవాబు ఉండదు, కార్డు పేరు చెప్పాలి. పెద్ద కార్డుల కొత్త రకం పవర్ ప్లగ్ చివరిదాకా వెళ్లి కూర్చునేలా నొక్కాలి. 2022లో 4090లు కొన్ని ఆ ప్లగ్ దగ్గర కరిగిపోయినప్పుడు సరిగా నొక్కకపోవడం కూడా ఒక కారణమని తేలింది.

ఆ తర్వాత టేపు. పొడవు అందరూ కొలుస్తారు, నేనూ కొలిచాను. మందం కూడా కొలిచాను. కార్డు పైనుంచి క్యాబినెట్ తలుపు దాకా ఎంత చోటుందో కొలవలేదు, పవర్ కేబుల్ అక్కడే పైకి లేచి వంగాలి, దాన్ని ప్లగ్ మొదట్లోనే వంచకూడదు. కార్డు చక్కగా కూర్చుంది, అంతా బిగించాను, తలుపు మూయబోతే కేబుల్ తగిలి ఒక వేలెడు సందు మిగిలింది. రెండేళ్లయింది. తలుపు బీరువా వెనకే ఉంది.